కిటికీ సందుకు ఒక పద్దు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అని సిద్ధాంతిగారు చదువుతూ ఉంటే మనమందరము వేళ్ళు మడిచి లెక్క చూచుకున్నాము. వ్యయము ఎక్కువ వచ్చినవారు పక్కవారి వంక చూచి నవ్వుకున్నారు. ఆదాయము ఎక్కువ వచ్చినవారు మాత్రము పైకి చెప్పలేదు. ఆ వెంటనే మాట్లాడడానికి కార్యవర్గమువారు మాకిచ్చిన విషయము కూడా ఆదాయవ్యయాలకు సంబంధించినదే, కాని చాలా చిన్నది. ఇంటి కిటికీల చుట్టూ ఉండే సందులను పని తెలిసినవారిచేత పూడ్పించుకోవడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చును సంసారపు లెక్కలో ఎట్లా ఇముడ్చుకోవాలి అన్నదే ఆ విషయము. ఉగాది వేదికమీద కవిత్వమో నాటకమో ఉండవలసిన చోట కిటికీ సందు ఏమిటని కొందరికి తోచవచ్చును. రాఘవ నడయాడిన ఊరిలో నాటకమును గురించి చెప్పడానికి మాకంటె తగినవారు చాలామంది ఉన్నారు. దుమ్మును గురించి చెప్పడానికి మాత్రము ఈ ఊరిలో కాపురముంటే చాలును, ఆ అర్హత మాకున్నది.

మనది సరిహద్దు జిల్లా. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో కలిశాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రములోనికి వెళ్ళినది. గీత మారినది కాని చాలా ఇండ్లలో మాట మారలేదు. ఆ తర్వాత తుంగభద్ర కాలువలు పారడముతో కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు సిరుగుప్ప, కంప్లి వైపులకు వచ్చి క్యాంపులు వేసుకున్నాయి. మరికొంత కాలానికి ఉక్కు పరిశ్రమ, విద్యుత్కేంద్రము, జీన్సు కుట్టుపని, బడులు, ఆసుపత్రులు మరికొందరిని తీసుకొనివచ్చినవి. 2021లో విజయనగర జిల్లా వేరుపడిన పిమ్మట బళ్ళారి జిల్లాలో మిగిలిన తాలూకాలు బళ్ళారి, సండూరు, సిరుగుప్ప, కురుగోడు, కంప్లి. ఈ అయిదింటిలో మనవారు ఎక్కడ కాపురమున్నా వారికి దుమ్ముతో పరిచయము తప్పదు.

దుమ్ము మనకు ఒక్క దిక్కునుంచి రాదు. సండూరు కొండలలో ఇనుప ఖనిజము ఉన్నది. 2000 తర్వాత విదేశాలలో ఖనిజానికి గిరాకి పెరిగిన ఏండ్లలో లారీలు బారులు తీరి నడిచినప్పుడు రోడ్డు పక్క ఇండ్ల గోడలు, చెట్ల ఆకులు ఎర్రబడడము మనలో పెద్దవారు చూచినదే. 2011 జూలై 29న సుప్రీంకోర్టు ఈ జిల్లాలో తవ్వకములను నిలిపివేసినది. 2013 ఏప్రిల్ 18న షరతులతో కొన్ని గనులకు మళ్ళీ అనుమతి ఇచ్చినది. ఆ వ్యాజ్యముల మంచిచెడ్డలు మన నేటి విషయము కాదు. ఖనిజపు దుమ్ముకు తోడు ఎండిన రేగడి చేల మట్టి, రోడ్ల పనులు, బొగ్గు మసి కూడా ఉన్నాయి. ఎండాకాలము ఇక్కడ వేడి 40 డిగ్రీలు దాటుతుంది. నైరుతి గాలి మొదలుకాగానే పడమటి కిటికీలో నుంచి ఆ సరుకంతా ఇంటిలోనికి వస్తుంది. మధ్యాహ్నము తుడిచిన గచ్చుమీద సాయంత్రానికి పిల్లవాడు వేలితో అక్షరాలు దిద్దవచ్చును.

ఈ దుమ్ము గృహిణికి చాకిరి పెంచేదిగానే చాలామంది లెక్కిస్తున్నారు. అది సగము లెక్క. ఉబ్బసము ఉన్నవారికి, ముసలివారికి, పసిపిల్లలకు ఇది దగ్గును, ఆయాసమును పెంచుతుంది. కంటికి కనబడే ఎర్రదుమ్ము కంటె కనబడని సన్నని ధూళి లోతుగా ఊపిరితిత్తులలోనికి పోతుంది. దానికి వెంట్రుక మందము సందు చాలును.

మన పెద్దలు దీనిని ఎట్లా ఎదుర్కొన్నారో ఒక్కసారి గుర్తు చేసుకుందాము. ఈ సీమలో పాత ఇండ్లు మందపు రాతిగోడలు, మట్టిగోడలతో కట్టిన మిద్దెలు. కిటికీలు చిన్నవి, తక్కువ. మిద్దెమీద చౌడుమట్టి పరిచేవారు. ఏటేటా వానలకు ముందు పాత చౌడు ఎక్కడ కొట్టుకుపోయినదో చూచి కొత్త చౌడు తోలించి పరిపించడము తప్పనిసరి పని. కోస్తానుంచి వచ్చిన కుటుంబాల పెద్దలకు తాటాకు ఇల్లు కప్పించడము అటువంటిదే. పేదయినా సంపన్నుడయినా వానకాలానికి ముందు ఇంటికోసము కొంత దుడ్డు, కొన్ని దినాల కూలి పక్కన పెట్టుకొనేవాడు. దానిని ఎవరూ దుబారా అనలేదు. పైరుకు విత్తనము వంటిదే ఇంటికి చౌడు.

తర్వాత సిమెంటు మిద్దెలు వచ్చినవి. అవి కట్టిన తర్వాత చేయవలసినది ఏమీ లేదని మనము నమ్మినాము. చౌడు పోయినది, దానితో లెక్కల పుస్తకములో ఆ పద్దు కూడా పోయినది. కాని సిమెంటు ఇంటికి కూడా ఏటేటా చూడవలసిన బలహీనమైన చోటు ఒకటి ఉన్నది. అది కిటికీ చట్రానికి, గోడకు మధ్యనున్న అతుకు. గోడంతా గట్టిదే, అద్దము గట్టిదే, ఆ రెండూ కలిసే చోటే సందు పడుతుంది. మేము ఈ దినము చెప్పదలచిన మాట ఒక్కటే. పోయిన ఆ పద్దును మళ్ళీ పుస్తకములోనికి తీసుకొనిరావలెను.

ఆ సందు ఎందుకు పడుతుందో తెలిస్తే దేనితో పూడ్చవలెనో తెలుస్తుంది. అల్యూమినియము చట్రము ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. ఒకటిన్నర మీటరు పొడవుగల చట్రము తెల్లవారుజామున ఉన్న వేడికంటె మధ్యాహ్నానికి 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 1.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పక్కనున్న సిమెంటు, అంతే వేడెక్కినా, అందులో సుమారు సగమే పెరుగుతుంది. ఒకటి ఎక్కువ కదిలి, మరొకటి తక్కువ కదిలితే మధ్యనున్న గట్టి పూత చిట్లక తప్పదు. కొయ్య చట్రమయితే వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. దీనికి తోడు మన నల్లరేగడి నేల తడికి పొంగి ఎండకు కుంగుతుంది గనుక గోడ కూడా కొంచెము కదులుతూనే ఉంటుంది.

అందుచేతనే సిమెంటు పాలు, గోడ పుట్టీ, తెల్ల సిమెంటు వంటి గట్టిపడే వస్తువులతో ఈ సందును పూడిస్తే ఒక ఎండాకాలము గడిచేసరికి మళ్ళీ గీత కనబడుతుంది. సుద్దపొడి, అవిసెనూనె కలిపిన పాత పుట్టీ అద్దమును కొయ్యచట్రములో నిలబెట్టడానికి పనికివచ్చినది గాని, గోడ అతుకుకు తగినది కాదు. సాగి ముడుచుకోగల పదార్థము కావలెను. పనివారు దానిని సీలెంటు అంటారు. గొట్టమువంటి ట్యూబులో వస్తుంది, గన్నులో పెట్టి నొక్కితే సందులోనికి దిగుతుంది. పడవలు కట్టే కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలనుంచి వచ్చిన కుటుంబాలకు ఈ విద్యలోని సూత్రము కొత్తకాదు. పలకకు పలకకు మధ్య సందు పూడ్చిన తర్వాతనే పడవను నీటిలోనికి దించుతారు.

సీలెంట్లలో రకాలున్నాయి. ధర చెప్పించుకొనే ముందు వాటి తేడా తెలిసి ఉండవలెను.

అక్రిలిక్ రకము చవుక. దానిమీద రంగు వేయవచ్చును. ఆరేటప్పుడు కొంత కుంచించుకుంటుంది గనుక ఇంటి లోపలి సన్నని చీలికలకు చాలును, వాన తగిలే బయటి వైపుకు చాలదు.

సిలికోను ఎండకు బాగుగా తట్టుకుంటుంది, బాగా సాగుతుంది. దానిమీద రంగు నిలవదు గనుక చట్రము రంగుకు దగ్గర రంగు ట్యూబును ముందే ఎంచుకోవలెను. ఇందులో మళ్ళీ రెండు తెగలు. ఒకటి వేసేటప్పుడు వినిగరు వాసన వస్తుంది, అది అద్దాలకు మంచిది, సిమెంటుకు, లోహానికి తగినది కాదు. రెండవది న్యూట్రల్ రకము. గోడకు, అల్యూమినియానికి మధ్య ఇదే వాడవలెను. ట్యూబుమీద ఆ మాట ఉన్నదో లేదో చదివి చూచుకోండి.

పాలీయురేథేను రకము గోడను, కొయ్యను గట్టిగా పట్టుకుంటుంది, రంగు కూడా నిలుస్తుంది. కొయ్య చట్రాలున్న ఇండ్లకు బాగుంటుంది. తెల్లది ఎండకు పచ్చబడవచ్చును గనుక పైన రంగు వేయించడము మంచిది. పెద్ద సందులలో పొంగే నురుగు కూడా అమ్ముతారు. అది లోపల ఖాళీని నింపడానికి మాత్రమే. ఎండ తగిలేచోట దానిని బయటకు కనబడేటట్లు వదిలితే పొడి రాలుతుంది.

ఇప్పుడు ఏమేమి పూడ్చకూడదో చెప్పుతాము. ఇది ఖర్చుకంటె ముఖ్యము. జరిగే కిటికీల అడుగు పట్టాలో చిన్నచిన్న రంధ్రాలు ఉంటాయి. పట్టాలో పడిన వాననీరు బయటికి పోయే దారులవి. దుమ్ము వస్తున్నదని వాటిని మూస్తే నీరు ఇంటిలోనికే పొర్లుతుంది. ఏడాదికొకసారి పుల్లతో వాటిని శుభ్రము చేయించవలెను. తెరిచి మూసే రెక్కల మధ్య సందుకు కూడా సీలెంటు పనికిరాదు. అక్కడ రబ్బరు పట్టీగాని, కుచ్చు పట్టీగాని అంటించవలెను. వంటింటి గవాక్షములు, గ్యాసు గీజరు ఉన్న స్నానపుగది గాలిదారులు ఎన్నడును మూయరాదు. గాలి ఆడని గదిలో గ్యాసు మండితే వాసనలేని విషవాయువు పుట్టి ప్రాణాలు తీస్తుంది. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక కారినప్పుడు నేలమట్టములో నిలుస్తుంది, అది పోవడానికీ దారి కావలెను. దుమ్ముకోసము ఇంటిని డబ్బావలె బిగించడము మా సలహా కాదు. గాలి మనము తెరిచిన దారిన రావలెను, తనంతట తాను తొలుచుకున్న దారిన కాదు.

మరొక హెచ్చరిక. కిటికీ మూలనుంచి గోడలోనికి ఏటవాలుగా పెద్ద పగులు సాగి, ఏటికేడు వెడల్పవుతున్నదంటే అది పునాది సంగతి కావచ్చును. అటువంటిచోట సీలెంటుకు ఖర్చుపెట్టక ముందు ఇంజనీరును పిలిపించి చూపించండి.

ఇక లెక్కకు వద్దాము. మొదటి పని కొలత. పనివాడు వచ్చి కొలిచే ముందు మనమే కొలవవలెను. గాలి వీచే దినము ఒక అగరువత్తి వెలిగించి కిటికీ చట్రము చుట్టూ మెల్లగా తిప్పండి. పొగ ఎక్కడ వణికితే అక్కడ సందు ఉన్నది. గోడమీద ఎర్రటి చార ఉన్నచోట అగరువత్తి కూడా అక్కరలేదు. సుద్దముక్కతో ఆ చోట్లు గుర్తుపెట్టి, ప్రతి కిటికీ చుట్టుకొలత ఒక కాగితముమీద వ్రాయండి.

ఉదాహరణకు ఒక ఇల్లు తీసుకుందాము. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీలు 6. ఒక్కొక్కదాని చుట్టుకొలత 16 అడుగులు, మొత్తము 96. ఇంకా 3 అడుగులు, 4 అడుగులు కొలతగలవి 3. ఒక్కొక్కటి 14 అడుగులు, మొత్తము 42. రెండూ కలిపి 138 అడుగులు. ఇది బయటి వైపు లెక్క. వాననీరు ఆగవలెనంటే బయటి వైపు ముందు పూడ్చవలెను. లోపలి వైపు కూడా వేయించితే అడుగులు రెట్టింపు అవుతాయి, ఆ సంగతి ముందే తేల్చుకోండి.

ఇప్పుడు ట్యూబులు. సాధారణముగా ట్యూబులో 300 మిల్లీలీటర్లు ఉంటుంది. సందు 10 మిల్లీమీటర్ల వెడల్పు, పూత 5 మిల్లీమీటర్ల లోతు అయితే ఒక ట్యూబు 6 మీటర్లు, అనగా దగ్గరదగ్గర 20 అడుగులు వస్తుంది. మన 138 అడుగులకు 7 ట్యూబులు, వృథాకు 1 కలిపి 8. సందు ఇంకా లోతుగా ఉంటే దానినంతా సీలెంటుతో నింపడము డబ్బు దండుగ. లోపల మెత్తని నురుగుతాడు కూరి పైన పూత వేయవలెను. ఇందువలన సరుకు ఆదా అవడమేగాక, పూత రెండు అంచులనే పట్టుకొని వెనుకవైపు అంటక స్వేచ్ఛగా సాగుతుంది. అట్లా వేసినదే నిలుస్తుంది.

రూకల లెక్క కూడా చూపుతాము. ఇవి లెక్క నేర్చుకోవడానికి మేము అనుకొన్న ధరలేగాని బజారు ధరలు కావు, మీ మీ ఊళ్ళలో విచారించి మీ అంకెలు వేసుకోండి. ట్యూబు 300 రూపాయల చొప్పున 8 ట్యూబులకు 2,400. నురుగుతాడు, అంటుపట్టీ, బ్రష్షులు, గుడ్డలు 600. ఇద్దరు మనుషులు రెండు దినాలు, మనిషికి దినానికి 1,000 చొప్పున 4,000. మేడమీది కిటికీలకు పరంజా లేక పొడవు నిచ్చెన బాడుగ 1,000. పెచ్చులూడిన గార సరిచేయడానికి 1,000. మొత్తము 9,000. పని మొదలుపెట్టిన తర్వాత బయటపడే వాటికి పదవ వంతు, అనగా 900. వెరసి 9,900. నెలకు 825 రూపాయల చొప్పున పక్కన పెడితే ఏడాదికి సమకూరుతుంది.

ఈ లెక్కను కొంచెము పరిశీలించండి. సరుకు ఖర్చు 3,000, మూడవ వంతు మాత్రమే. మిగిలినదంతా మనుషుల చాకిరి, పనికి కావలసిన సిద్ధము. సగము ధరకు దొరికే ట్యూబు కొంటే 1,200 మిగులుతుంది. ఆ చవుక పూత రెండేండ్లకు ఊడిపోతే మళ్ళీ 4,000 కూలి, దానిపైన పాత పూత గీకిన కూలి అదనము. కాబట్టి ఆదా చేయవలసినది ట్యూబులో కాదు. అవసరములేని కిటికీని ఈ ఏటికి ఆపడములో ఆదా ఉన్నది.

9,000 రూపాయలను 138 అడుగులకు పంచితే అడుగుకు 65 రూపాయలు పడుతుంది. ఈ అంకె చేతిలో ఉంటే గుత్తకు మాట్లాడే మేస్త్రీ అడుగుకు ఇంత అని చెప్పినప్పుడు మనము తెల్లముఖము వేయనక్కరలేదు. ఒకేసారి అంత దుడ్డు లేనివారు పడమటి గోడ కిటికీలతో మొదలుపెట్టవచ్చును. ఆ వైపు పెద్ద కిటికీలు మూడుంటే 48 అడుగులు, 3,120 రూపాయలు. పరంజా బాడుగ వంటివి కొద్ది పనికి కూడా అంతే అడుగుతారు గనుక కొంచెము ఎక్కువే కావచ్చును. ముందు పిల్లలు, పెద్దవారు పడుకొనే గది, తర్వాత పడమటి గది, ఆ తర్వాత మిగతావి అనే వరుస మాకు న్యాయముగా తోస్తున్నది. మేడమీద రెండు మూడు వాటాలవారు కలిసి ఒకేసారి చేయించుకుంటే పరంజా ఖర్చు పంచుకోవచ్చును. ఒకే వీధిలో ఉండే మన కుటుంబాలు, కన్నడ ఇరుగుపొరుగులు కలిసి ఒక మేస్త్రీని పిలిస్తే అందరికీ మేలు.

పనివారితో మాట్లాడేటప్పుడు అయిదు మాటలు కాగితముమీద ఉండవలెను. ఎన్ని అడుగులు, ఏ రకము సీలెంటు, పాత పూత పూర్తిగా తీసివేయడము ధరలో కలిసినదా లేదా, పన్ను కలిసినదా లేదా, ఎన్నాళ్ళలోపల ఊడితే తిరిగి వేస్తారు అన్నవి ఆ అయిదు. ఈ ఊరిలో మేస్త్రీ కన్నడము మాట్లాడవచ్చును, సహాయకుడు ఉర్దూ మాట్లాడవచ్చును, మనము తెలుగు మాట్లాడుతాము. మూడు భాషలలో నోటిమాటగా జరిగిన ఒప్పందముకంటె ఒక భాషలో వ్రాసుకొన్న చీటి మేలు. కనీసము ఇద్దరిచేత ధర చెప్పించుకోండి. ఇద్దరికీ ఒకే కొలత కాగితము చూపించండి, అప్పుడే ఆ రెండు ధరలు పోల్చదగినవి అవుతాయి.

పని మంచిదో కాదో సీలెంటు వేయకముందే తెలుస్తుంది. పాత పూతను పూర్తిగా గీకి, దుమ్మును బ్రష్షుతో దులిపి, గుడ్డతో తుడిచి, అంచులకు పట్టీ అంటించేవాడు పనిమంతుడు. దుమ్ముమీద పూసినది దుమ్మునే అంటుకొంటుంది, గోడను అంటుకోదు. మన ఊరిలో పూతలు ఊడిపోవడానికి ఇంతకంటె పెద్ద కారణము అక్కరలేదు. పాత ఇండ్లలో రంగు గీకేటప్పుడు పిల్లలను దూరముగా ఉంచి, తడిచేసి గీకించండి. ఇంటి రంగులలో సీసము మితిమీరి ఉండరాదనే నియమము 2017 నవంబరు 1 నుంచే అమలులోనికి వచ్చినది గనుక అంతకు ముందటి రంగులను నమ్మరాదు. మేడమీద బయట నిలబడి పనిచేసే మనిషికి నడుముకు బెల్టు ఉన్నదా అని అడగడము ఇంటి యజమాని ధర్మము. ఆ బెల్టు బాడుగను బేరములో తగ్గించరాదు.

కాలము కూడా చూచుకోవలెను. ఉగాది మొదలుకొని మృగశిర కార్తె లోపల గోడలు పొడిగా ఉంటాయి, అదే అదను. ఎండ ముదరక ముందు ఉదయము వేయించండి. సిలికోను దినానికి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుంది గనుక రెండు మూడు దినాలు దానిని ముట్టుకోవద్దు. తర్వాత గొట్టముతో బయటినుంచి నీరు కొట్టి, లోపల తడి రాలేదని చూచుకొన్న మీదటనే చివరి వంతు డబ్బు ఇవ్వండి. ఈ పద్ధతి పనివారికి మొదటే చెప్పితే ఎవరూ నొచ్చుకోరు.

అద్దె ఇండ్లలో ఉండేవారు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. ఇల్లు మనది కానప్పుడు మనమెందుకు ఖర్చుపెట్టవలెనని. న్యాయమైన ప్రశ్నే. కొలత కాగితము, ఇద్దరు మేస్త్రీల ధరలు తీసుకొని యజమానిదగ్గరకు వెళ్ళండి. వాన లోపలికి దిగితే చెడిపోయేది ఆయన గోడే గనుక సగమైనా భరించడానికో, అద్దెలో కొంత మినహాయించడానికో చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకున్నది చీటిమీద వ్రాయించుకోండి. ఆయన ససేమిరా అంటే పడకగది ఒక్కదానికి మీరే చేయించుకోండి. ఆ గదిలో నిద్రపోయేది మీ పిల్లలు.

ఈ మాటతో మేము అసలు సంగతికి వచ్చినాము. వలస వచ్చిన కుటుంబాలలో, సొంత ఇల్లు ఉన్నవారిలో కూడా, ఒక ఆలోచన ఉన్నది. ఎప్పటికైనా మన ఊరికి పోయేవారమే గదా, ఇక్కడి ఇంటికి ఎందుకు దండుగ అని. మిగిలిన ప్రతి రూపాయి అక్కడికి పోతుంది. అక్కడ స్థలము కొంటాము, ఇల్లు కడతాము, టేకు తలుపులు పెట్టిస్తాము, తాళము వేస్తాము. ఏడాదికి పది దినాలు ఆ తాళము తీస్తాము. ఇక్కడ మిగిలిన మూడువందల యాభై దినాలు పిల్లలు పడుకొనే గది కిటికీ సందులో పాత గుడ్డ పీలికలు కుక్కుతాము. సొంత ఊరిమీద మమకారము తప్పని మేము అనము, ఆ మమకారమే లేకపోతే ఈ సంఘమే లేదు. కాని తాళము వేసిన ఇంటికి పెట్టే ఖర్చులో నూరవ వంతయినా ఊపిరి తీసే ఇంటికి పెట్టవలెనని మాత్రము గట్టిగా చెప్పుతాము. మన తాతలు కౌలుకు తీసుకొన్న ఊళ్ళలో కూడా వానకు ముందు తమ గుడిసె కప్పించుకొనే ఉన్నారు. అది పరాయి ఊరని తడిసి కూర్చోలేదు.

చిన్న భాగమును ఏటేటా చూచుకోకపోతే ఏమవుతుందో మన కళ్ళ ఎదుటనే ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. మన అన్నానికి ఆధారమైన తుంగభద్ర ఆనకట్టకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినది. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో, పారే నీటిలోనికి ఇనుప పలకలు దించి వారము దినాలకు ఆ దారి మూయగలిగినారు. అది మన తెలుగువారికి గర్వకారణమే. అయితే ఆ వారములో ఎంత నీరు నదిపాలైనదో, ఎందరు రైతులు నిద్రలేకుండా గడిపినారో సిరుగుప్ప, కంప్లి వైపు నుంచి వచ్చిన మిత్రులకు మేము చెప్పనక్కరలేదు. ఆనకట్ట గోడకు ఏమీ కాలేదు, తెగినది ఒక గొలుసు. మన ఇండ్లు ఆనకట్టలు కావు. కాని గోడ గట్టిదే గదా అని అతుకును మరచిపోయే అలవాటు రెండింటికీ ఒకటే.

కాబట్టి మా కోరిక ఇది. ఈ పండుగ నాలుగు దినాలు గడిచిన తర్వాత ఒక సాయంత్రము ఇంటిల్లిపాదీ కూర్చొని కొత్త సంవత్సరపు లెక్కల పుస్తకము తెరవండి. బియ్యము, బడి జీతము, మందులు, ఊరికి పంపేది, చీటీ పాట అని వ్రాసిన పద్దుల కింద ఇల్లు అని ఒక పద్దు వ్రాయండి. దాని ఎదుట మీ శక్తికొద్దీ ఒక అంకె వేయండి, అది నెలకు 300 అయినా సరే. కొలతల పని పిల్లలకు అప్పగించండి. బడిలో నేర్చుకొన్న చుట్టుకొలత లెక్కకు ఇంతకంటె మంచి అభ్యాసము లేదు. లెక్క తెగనివారు ఆ కాగితము సంఘ కార్యాలయానికి తీసుకొనివస్తే కలిసి కూర్చొని చూచి పెట్టడానికి మేము సిద్ధముగా ఉన్నాము.

సిద్ధాంతిగారు చదివిన ఆదాయవ్యయాలు గ్రహాల చేతిలో ఉన్నవి. ఈ ఒక్క వ్యయము మన చేతిలో ఉన్నది. వానలు రాకముందు దానిని చేసివేయండి.  పాకశాలనుంచి బొబ్బట్ల వాసన వస్తున్నది, ఇక మిమ్ములను నిలుపము.